కబురు లేదంటే క్షేమమేనా?

మూడేళ్ళ క్రితం నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రాము 23 రోజులపాటు ప్రతి రాత్రీ 2 గంటలకి ఠంచనుగా నడిచింది. ప్రతి రాత్రీ విఫలమైంది. ఆ 23 రోజుల్లో ఒక్కరోజు కూడా ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు.

పని చాలా మామూలుది. సరుకు రవాణా చేసే ఒక సంస్థకి మేము సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. లారీ డ్రైవర్లకి రోజువారీ బత్తా లెక్కలు మా డేటాబేసులో ఉండేవి. రాత్రిపూట ఆ లెక్కలు బయటికి తీసి, కుదించి, ఒక ఫైలుగా చేసి, డబ్బు జమచేసే వేరే సిస్టమ్‌కి పంపాలి. ఒకరోజు డేటాబేసు పాస్‌వర్డు గడువు తీరింది. లెక్కలు తీసే మొదటి మెట్టు అక్కడే కూలబడింది. కానీ యూనిక్స్‌లో రెండు ఆదేశాలని పైపుతో కలిపినప్పుడు, మొత్తం పని బాగా జరిగిందా లేదా అన్నది మామూలుగా చివరి ఆదేశం చెప్పే మాటని బట్టే ఉంటుంది. మొదటిది చచ్చిపోయినా రెండోది, అంటే కుదించే ఆదేశం, తనకి అందిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, ‘నా పని అయింది’ అని చెప్పి వెళ్ళిపోయింది. ఖాళీ ఫైలు అవతలికి చేరింది. అవతలి సిస్టమ్ దాన్ని తెరిచి, సున్నా వరసలు చదివి, సున్నా మందికి డబ్బు జమచేసి, అదీ ‘జయప్రదం’ అని రాసుకుంది. మా తెరమీద అన్నీ పచ్చ చుక్కలే.

మరి డ్రైవర్లు అడగలేదా? అడిగారు. మమ్మల్ని కాదు. డిపోలో గుమాస్తాని అడిగారు. గుమాస్తా అకౌంట్స్ వాళ్ళని అడిగాడు. అకౌంట్స్ వాళ్ళు పచ్చ చుక్కలు చూసి, ‘మా వైపునుంచి వెళ్ళిపోయాయి, బ్యాంకులో కనుక్కోమనండి’ అన్నారు. బ్యాంకులో కనుక్కుంటే ఏమీ రాలేదన్నారు. అక్కడికి ఆ మాట ఆగిపోయింది. ఇరవై నాలుగో రోజున, వేరే పనిమీద ఆ ఫైళ్ళ సైజులు చూస్తున్న నా సహోద్యోగి ఒకతను, ‘ఇవన్నీ ఒకే సైజులో ఉన్నాయేంటి?’ అన్నాడు. అలా తెలిసింది.

సరిచెయ్యడానికి ఒక పదం చాలు. పైపులో ఏ మెట్టు కూలినా మొత్తం కూలినట్టే లెక్క అని షెల్‌కి చెప్పే మాట అది. ఆ మాట నాకు తెలియనిదేమీ కాదు, ఆరోజు రాయలేదంతే. కానీ తరువాత చాలా రోజులు నన్ను వేధించింది ఆ పదం కాదు, అకౌంట్స్ వాళ్ళు చెప్పిన జవాబు. ‘మా వైపునుంచి వెళ్ళిపోయాయి.’ ఈ వాక్యం నేను ఇంతకుముందెక్కడో విన్నాను అనిపించింది. ఎక్కడ విన్నానో వెతుక్కుంటూ పోతే, కంప్యూటర్లు దాటి, తూర్పు కనుమలలోకి వెళ్ళవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ వెతుకులాట.

*

ముందు క్రాన్ సంగతి. వేళపట్టున పనులు నడిపే ఈ సాధనం 1979లో వచ్చిన యూనిక్స్ ఏడవ వెర్షన్‌లోనే ఉంది. నిమిషానికొకసారి నిద్రలేచి, ఒక పట్టిక చూసి, ఇప్పుడు నడపాల్సినది ఏదైనా ఉంటే నడిపి, మళ్ళీ పడుకుంటుంది. ఇవాళ్టికీ చాలా లినక్స్ యంత్రాల్లో కనిపించే క్రాన్‌కి మూలం 1987లో పాల్ విక్సీ రాసినది. దాని పద్ధతిలో ఒక మర్యాద ఉంది. నడిచిన పని ఏదైనా మాట్లాడితే, ఆ మాటలని సొంతదారుకి మెయిల్‌గా పంపుతుంది. ఏమీ మాట్లాడకపోతే తనూ ఏమీ మాట్లాడదు.

ఇది యూనిక్స్ సంప్రదాయమే. చెప్పడానికి కొత్త సంగతేమీ లేనప్పుడు ప్రోగ్రాము నోరుమూసుకుని ఉండాలి. కబురు లేదంటే క్షేమమే అని అర్థం. టెలిటైపు యంత్రాల మీద ప్రతి అక్షరమూ టకటకా కాగితం మీద పడుతున్న రోజుల్లో అది మంచి మర్యాదే. సొంతదారు అదే గదిలో ఉన్నాడు, అదే యంత్రంలో తన మెయిలు తానే చదువుకుంటున్నాడు. ఆ తరువాత యంత్రాలు గదులు దాటి, ఊళ్ళు దాటి, ఎవరూ చూడని చోట్లకి వెళ్ళిపోయాయి. మెయిలు మాత్రం ఆ యంత్రంలోనే, ఎవరూ తెరవని పెట్టెలో పడుతూ ఉండిపోయింది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ గిట్‌ల్యాబ్‌ది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు అలసటలో, ఒక సర్వరు అనుకుని ఇంకో సర్వరులో డేటాబేసు ఫోల్డరు తుడిచేశారు. తప్పు గ్రహించేలోపు సుమారు 300 గిగాబైట్లు పోయాయి. సరే, బ్యాకప్ ఉందిగా అని చూస్తే, రోజూ జరుగుతున్నదనుకున్న బ్యాకప్ గిడ్డంగి ఖాళీ. డేటాబేసు 9.6 వెర్షనుది, బ్యాకప్ తీసే సాధనం 9.2 వెర్షనుది. అది ప్రతిరోజూ తప్పు చూపించి ఆగిపోతూనే ఉంది. ఇక్కడింకా చిత్రం ఏమిటంటే, ఆ క్రాన్ మౌనంగా ఏమీ లేదు. వైఫల్యం గురించి మెయిలు పంపుతూనే ఉంది. కానీ ఆ మెయిళ్ళకి సరైన సంతకం లేదని, అవతలి మెయిలు సర్వరు వాటిని తిరస్కరిస్తూ వచ్చింది. చివరికి ఆరు గంటల ముందు ఒకరు వేరే అవసరానికి చేత్తో తీసిపెట్టిన ఒక నకలు వాళ్ళని కాపాడింది. ఆ సంస్థ ఈ కథంతా దాచకుండా రాసి పెట్టింది కాబట్టే మనకి తెలుసు.

అంటే మౌనంలో రెండు రకాలున్నాయి. చెప్పవలసినది చెప్పకపోవడం ఒకటి. చెప్పినా ఎవరికీ చేరకపోవడం రెండోది. వినేవాడికి మాత్రం రెండూ ఒకలాగే వినిపిస్తాయి, ఏమీ వినిపించనట్టు.

*

ఆ ఏడాది ఆగస్టులో కిరండూల్ పాసింజరులో అరకు వెళ్ళాను. విశాఖనుంచి బయల్దేరి శృంగవరపుకోట, బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ. ఈ లైను వేసింది మనకోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాను పంపడానికి, 1960లలో కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఎత్తైనది ఇదేనని చాలాకాలం చెప్పుకున్నారు. అద్దాల పెట్టెలు 2017లో వచ్చాయి. ఖనిజం మోసే గూడ్సుబళ్ళు మొదటినుంచీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

వానాకాలంలో ఈ ఘాట్‌లో రాళ్ళు జారతాయి, మట్టి పెళ్ళలు విరిగి పట్టాల మీద పడతాయి. అందుకని రాత్రిళ్ళు గస్తీ ఉంటుంది. అరకు స్టేషన్లో సాయంత్రం డ్యూటీకి ముందు టీ తాగుతున్న ఒక గస్తీ మనిషితో మాట కలిపాను. భుజాన సంచి, చేతిలో దీపం, గొడుగు. సంచిలో ప్రమాదం వేళ పట్టాలకి కట్టి పేల్చే టపాకాయలున్నాయి. ఇంకా ఒక పుస్తకం ఉంది. ఆయన పని మొత్తం ఆ పుస్తకంలో ఉంది. తన వంతు మేర నడిచి, చివర్న అవతలినుంచి వచ్చే గస్తీ మనిషిని కలిసి, పుస్తకాలు మార్చుకుని వెనక్కి రావాలి. స్టేషన్లో మాస్టరు వేళ వేసి సంతకం పెడతాడు. అంటే స్టేషన్‌కి తిరిగొచ్చిన పుస్తకం, మనిషి నడిచాడనడానికి మాత్రమే కాదు, అవతలి మనిషిని కలిశాడనడానికి కూడా సాక్ష్యం.

“మీరు వేళకి రాకపోతే ఏమవుతుంది?” అని అడిగాను.

“ఏటవుద్ది బాబూ. బండి ఆపేత్తారు. నేదంటే మెల్లగా తోలమని కాయితం ఇత్తారు.”

“నిద్రపోయి ఉంటారులే అనుకోరా?”

“అనుకుంటే అనుకుంటారు. ముందు బండాగాల. నిద్దరోయేనో, కొండ మీదడి సచ్చిపోయేనో తర్వాత సూసుకుంటారు.”

నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇందులో కొత్త ఏమీ లేదు. మా వృత్తిలో దీన్ని గుండెచప్పుడు అంటాం. ప్రోగ్రాము ఎప్పటికప్పుడు ‘ఉన్నాను’ అని చెప్తూండాలి, చెప్పడం ఆగిన క్షణాన గంట మోగాలి. కానీ మేము దీన్ని అదనపు జాగ్రత్తగా, వీలుంటే చేర్చుకునే సౌకర్యంగా చూస్తాం. రైల్వే వాళ్ళు నియమంగా రాసుకున్నారు. మా సంప్రదాయంలో కబురు లేదంటే క్షేమం. వాళ్ళ సంప్రదాయంలో కబురు లేదంటే ప్రమాదం. క్షేమం అన్నది ప్రతి రాత్రీ ఒక మనిషి తడుస్తూ నడిచి తెచ్చివ్వాల్సిన కబురు.

*

ఇదే కొండల్ని పాలించిన వాళ్ళు ఈ రెండింటిలో ఏ సంప్రదాయాన్ని పాటించారు? ఇక్కడ ‘షెడ్యూల్’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. లాటిన్‌లో ‘షెడ్యులా’ అంటే చిన్న కాగితపు ముక్క. చట్టానికి చివర అతికించే జాబితా కాగితాన్ని ఇంగ్లీషులో షెడ్యూల్ అన్నారు. వేళల పట్టిక అనే అర్థం పందొమ్మిదో శతాబ్దంలో, రైళ్ళ కాలంలో వచ్చి చేరింది. నేను రాసే షెడ్యూల్డ్ టాస్కులో ఉన్నది రెండో అర్థం. అరకు ఉన్న షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నది మొదటి అర్థం. అయితే ఈ ప్రాంతపు చరిత్ర చదువుతుంటే ఈ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి.

1839లో, గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పిస్తూ 24వ చట్టం వచ్చింది. కలెక్టరే అక్కడ గవర్నరుకి ఏజెంటు. మనం ఇప్పటికీ ‘ఏజెన్సీ’ అనే మాట అక్కడినుంచే వచ్చింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1935 చట్టం కింద కొన్ని ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అయ్యాయి. 1950లో రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు. పేర్లు మారాయి గాని ఏర్పాటు పోలిక మారలేదు. మామూలుగా మైదానంలో తప్పు జరిగితే తెలియజేసే మార్గాలు, అంటే కోర్టు, పత్రిక, వకీలు, ఇక్కడ లేవు లేదా పలచన. వాటికి బదులు ఒక మనిషిని పెట్టారు. ఆయన చెప్తే పైవాళ్ళకి తెలుస్తుంది.

ఆయన చెప్పకపోతే?

రంప దీనికి జవాబు. గోదావరి కొండల్లో రంప ప్రాంతాన్ని మన్సబుదారు కింద ఉంచారు. ఆయన కింద ముఠాదారులు, వాళ్ళ కింద ఊళ్ళు. ప్రభుత్వానికి కొండలనుంచి కబురు రావాలంటే దారి మన్సబుదారే. ఆయన వేసిన పన్నులు, కల్లు గీతమీద చిగురుపన్ను, దానిపైన కొత్త ఆబ్కారీ ఏర్పాటులో కాంట్రాక్టర్ల వసూళ్ళు, వ్యాపారుల బాకీ దావాలు, పోలీసుల దస్తూరీలు, ఇవన్నీ ఏళ్ళతరబడి పేరుకున్నాయి. పైకి కబురు లేదు. కాబట్టి క్షేమం. 1879 మార్చిలో పోలీసుల మీద దాడులతో కొండ భగ్గుమంది. మద్రాసునుంచి సైన్యం రావలసి వచ్చింది. ఆ తరువాత జరిగిన విచారణలో గాని ఇంతకాలం ఏం జరిగిందో ప్రభుత్వం కాగితాల మీదికి రాలేదు. మన్సబుదారుని తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. హెమింగ్వే 1907లో కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో ఈ కథ ఉంటుంది.

నా బత్తా ప్రోగ్రాముకీ దీనికీ పోలిక నేను బలవంతాన తెచ్చింది కాదు. రెండిట్లోనూ లోపం ఒకటే. తప్పు చేసే మెట్టే, తప్పు జరిగిందని చెప్పవలసిన మెట్టు కూడా. మన్సబుదారు దోపిడీ గురించి మన్సబుదారే నివేదించాలి.

సరిగ్గా నలభై మూడేళ్ళకి, గూడెం కొండల్లో ఇదే మళ్ళీ జరిగింది. ఈసారి మధ్యలో ఉన్నది డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నంనుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించే పనిలో కొండవాళ్ళచేత చాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వలేదన్నది ప్రధానమైన ఫిర్యాదు. ముఠా పోగొట్టుకున్న గాం గంతందొర, ఆయన తమ్ముడు మల్లుదొర బాస్టియన్‌తో వైరం పెంచుకున్నవాళ్ళే. ఫిర్యాదులు వెళ్ళాయి. ఫిర్యాదు వెళ్ళిన దారి మళ్ళీ ఆ కచేరీల గుండానే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మనం ఆ కథని వీరగాథగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ నాకిప్పుడు దాని మొదటి పేజీ ముఖ్యం. అక్కడున్నది అందని కూలి.

*

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం రాసినవాళ్ళకి ఈ చరిత్ర తెలుసు. ఐదవ షెడ్యూలు మూడవ పేరాలో ఒక నియమం పెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాలున్న ప్రతి రాష్ట్రపు గవర్నరూ ఏడాదికొకసారి, లేదా రాష్ట్రపతి అడిగినప్పుడల్లా, ఆ ప్రాంతాల పాలన గురించి రాష్ట్రపతికి నివేదిక పంపాలి. చదవగానే నాకు క్రాన్ పట్టికలో వరస కనిపించింది. ఏటా ఒకసారి, ఈ పని నడపాలి.

నడిచిందా? కొన్నేళ్ళు నడిచింది, కొన్నేళ్ళు ఆలస్యంగా నడిచింది, కొన్నేళ్ళు నడవలేదు. నివేదికలు క్రమంగా రావడంలేదని, వచ్చినవాటిలో శాఖల పథకాల జాబితాలే తప్ప పాలనలో అసలు సమస్యల ఊసు లేదని ప్రభుత్వం వేసిన కమిటీలే రాశాయి. అంటే ఫైలు వెళ్తూనే ఉంది, లోపల వరసలు సున్నా. నివేదిక రాకపోతే ఢిల్లీలో ఏ గంటా మోగదు. మూడవ పేరాలో ‘పంపాలి’ అని ఉంది. ‘పంపకపోతే’ అని మొదలయ్యే వాక్యం లేదు. గస్తీ మనిషి నియమానికీ దీనికీ ఉన్న తేడా అదే.

చట్టాల్లో ఇంకోరకం మౌనం కూడా ఉంది. కొన్నిసార్లు క్రాన్ పట్టికలో వరస ఉంటుంది, అది పిలవవలసిన ప్రోగ్రాము మాత్రం ఇంకా ఎవరూ రాసి ఉండరు. ఏజెన్సీలో గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. అమలుకి కావలసిన నియమాలు వచ్చింది 1969లో. మధ్యలో పదేళ్ళు చట్టం ఉంది, పని లేదు. గ్రామసభకి అధికారమిచ్చే పెసా చట్టం కేంద్రంలో 1996లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని 1998లో చేసింది, నియమాలు 2011లో వచ్చాయి. పదమూడేళ్ళు. ఆ ఏళ్ళలో ఎవరైనా అడిగితే, ‘చట్టం ఉంది కదా’ అనే జవాబు ఉండేది. పచ్చ చుక్క.

అయితే ఈ కొండల చట్టంలోనే గస్తీ మనిషి తర్కం ఉన్న ఒక్కచోటు నాకు కనిపించింది. 1970లో వచ్చిన సవరణ, అందరూ ‘ఒకటి బై డెబ్భై’ అని పిలిచేది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి, వేరేలా రుజువయ్యేంతవరకూ, గిరిజనులనుంచి వచ్చినదే అని అది ఊహిస్తుంది. మామూలు చట్టంలో భూమి పోగొట్టుకున్నవాడు వచ్చి తన నష్టాన్ని రుజువు చెయ్యాలి. చదువులేనివాడు, కాగితం లేనివాడు, కోర్టు మెట్లు ఎక్కలేనివాడు మాట్లాడలేదు కాబట్టి నష్టం లేదు. 1970 సవరణ ఆ బరువుని తిప్పేసింది. మౌనాన్ని ప్రమాదంగా లెక్కగట్టింది. అందరూ దీన్ని భూమి చట్టంగానే చదువుతారు. నాకు మాత్రం సిస్టమ్ రాసేవాడు నేర్చుకోవలసిన పాఠంలా కనిపించింది. నోరులేనివాడి మౌనాన్ని సమ్మతి కింద జమకట్టొద్దు. మా బండి ఆగిన బొర్రా దగ్గరి గనుల లీజుల మీద వెళ్ళిన సమత కేసులో, 1997 జులై 11న సుప్రీంకోర్టు ప్రైవేటు గనుల లీజులు చెల్లవని తీర్పు చెప్పడానికి ఆధారం ఈ నిబంధనే.

అమలు ఎలా ఉందన్నది వేరే కథ. రాసినవాళ్ళకి మాత్రం మౌనం అంటే ఏమిటో తెలుసు.

*

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకి రావచ్చు. ‘మా వైపునుంచి వెళ్ళిపోయాయి’ అనే వాక్యాన్ని నేనెక్కడ విన్నాను? ఉపాధి హామీ కూలి దగ్గర.

2005 చట్టం ప్రకారం కూలి 15 రోజుల్లో అందాలి. అందకపోతే పదహారో రోజునుంచి రోజుకి 0.05 శాతం చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి. కాగితం మీద ఇది చక్కటి గుండెచప్పుడు. వేళ దాటితే గంట మోగుతుంది, మోగినకొద్దీ ఖర్చవుతుంది. కానీ డబ్బు ప్రయాణంలో రెండు అంచెలున్నాయి. మస్తరు ముగిశాక, హాజరూ కొలతలూ చూసి, నిధుల బదలాయింపు ఉత్తర్వు మీద డిజిటల్ సంతకాలు అయ్యేవరకూ మొదటి అంచె. ఆ ఉత్తర్వు కేంద్రానికి వెళ్ళి, ఖజానా కదిలి, కూలీ ఖాతాలో పడేవరకూ రెండో అంచె. ఆలస్యం లెక్కగట్టే సాఫ్ట్‌వేరు మొదటి అంచె చివర ఆగిపోయేది. సంతకం పడితే పని అయినట్టే. ఆ తరువాత డబ్బు నెలరోజులు ఆగినా, రెండు నెలలు ఆగినా, లెక్కలో ఆలస్యం సున్నా. పరిశోధకులు లక్షల కొద్దీ చెల్లింపుల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి ఇది బయటపెట్టారు. 2018 మే 18న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు, రెండో అంచె ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని, అది కూలీ చూసుకోవలసిన తలనొప్పి కాదని తేల్చింది.

దీని పక్కనే తిరస్కరణల గొడవ. ఆధార్ ఆధారంగా డబ్బు పంపినప్పుడు ఖాతా జోడింపు తెగిపోయి ఉంటే, లేదా ఖాతా స్తంభించి ఉంటే, డబ్బు వెనక్కి వెళ్తుంది. కారణం కంప్యూటరులో ఒక ముక్క ఇంగ్లీషులో పడుతుంది. ఆ ముక్క కూలీకి చేరదు. కొండమీది ఊరినుంచి మండల కేంద్రానికి దిగి, బ్యాంకులో వరసలో నిలబడి, ‘పడలేదు’ అనిపించుకుని, తిరిగి వెళ్ళి అడిగితే, ‘ఇక్కడనుంచి వెళ్ళిపోయింది’ అనే జవాబు. రోజంతా పోతుంది. ఆ రోజు కూలీ పోతుంది. నేను విన్నది ఇదే. పాడేరు వైపు పనిచేసే ఒక మిత్రుడు ఫోనులో చెప్పిన కథలో విన్నాను. అప్పుడు కోపం వచ్చింది, ఎంత బాధ్యత లేని జవాబు అని. అదే జవాబుని నా ప్రోగ్రాము 23 రోజులపాటు ఇచ్చింది.

గూడెం ఘాట్ రోడ్డు కూలికీ దీనికీ నడుమ నూరేళ్ళు. ఇప్పుడు మధ్యలో బాస్టియన్ లేడు. ఎవరూ దొంగ కాకుండానే కూలి అందకపోవచ్చు. బాస్టియన్ ఉంటే కనీసం ఎవరిమీద కోప్పడాలో తెలుస్తుంది. పచ్చ చుక్క మీద ఎవరు దాడి చేస్తారు?

*

నిరాశతో ముగించడానికి ఇదంతా రాయలేదు. ఈ నేలమీదే దీనికి మందు కూడా తయారైంది. 2006లో ఉపాధి హామీ మొదలైన ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సంస్థ కూడా ఏర్పడింది. తనిఖీ బృందం కంప్యూటరులోని లెక్కల్ని కాగితాల మీద తీసుకుని ఊళ్ళోకి వెళ్తుంది. ఇంటింటికీ వెళ్ళి, ‘ఈ వారాల్లో నువ్వు ఇన్ని రోజులు పనిచేసినట్టు, నీకు ఇంత ముట్టినట్టు ఉంది, నిజమేనా?’ అని అడుగుతుంది. తరువాత అందరిముందూ బహిరంగంగా చదువుతుంది. ఇందులో సాంకేతికం ఏమీ లేదు. పంపినవాణ్ణి అడగడం మానేసి, అందుకోవలసినవాణ్ణి అడగడం, అంతే. నా పైపులో ఎన్ని మెట్లున్నా, ఏ మెట్టు ఏమి అబద్ధం చెప్పినా, చివర్న ఒక డ్రైవరుని ‘బత్తా వచ్చిందా?’ అని అడిగి ఉంటే మొదటిరోజే తెలిసేది.

అరకు చుట్టుపక్కల చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఆడవాళ్ళు ఊరి దారిలో కాపు కాస్తారు. వేట దొరికితే పాటలూ థింసా ఆటలూ. ఉత్తచేతులతో వస్తే పేడనీళ్ళు చల్లి, పాటలు కట్టి మరీ ఎగతాళి చేస్తారు. మొదటిసారి విన్నప్పుడు సరదా ఆచారమనుకున్నాను. ఇప్పుడింకోలా కనిపిస్తోంది. ఆ ఊళ్ళో వేటకి వెళ్ళినవాడు ఏమీ తేకుండా చీకట్లో ఇంట్లోకి జారుకోలేడు. వైఫల్యం ఊరంతటికీ వినపడాలి. అందులో కోపం కన్నా నవ్వే ఎక్కువ, కాబట్టి ఏడాది తరువాత మళ్ళీ వెళ్తాడు.

మా ఆఫీసులో ఆ సంఘటన తరువాత మూడు మార్పులు చేశాం. ఆ ఒక్క పదం చేర్చాం. ఖాళీ ఫైలు పంపడం నిషేధించాం, రాత్రి 3 గంటలలోపు ‘అయింది’ అనే కబురు రాకపోతే ఒకరి ఫోను మోగేలా పెట్టాం. ఆ ఫోను వంతులవారీగా మాలో ఒకరి దగ్గర ఉంటుంది. మూడోది సాఫ్ట్‌వేరు కాదు. నెలకొకసారి, ఏ ముగ్గురు డ్రైవర్లకైనా ఫోను చేసి, డబ్బు అందిందా అని అడుగుతాం. ఇది నేను పట్టుబట్టి పెట్టించింది. కొందరు నవ్వారు. కొలమానాలన్నీ ఉన్నాయి కదా అన్నారు.

మొదటి నెల నేనే చేశాను. అనకాపల్లి దగ్గర ఎక్కడో దాబాలో ఉన్నాడతను. పేరు చెప్పి, బత్తా పడుతోందా అని అడిగాను. పడుతోంది సార్ అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “అప్పుడు పడనప్పుడు మాత్రం ఎవరూ ఫోను చెయ్యలేదు” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సారీ చెప్పాను. లైను అవతల లారీ హారన్లు వినపడుతున్నాయి. “సరే సార్, వచ్చే నెలా చెయ్యండి” అని పెట్టేశాడు.